ఉస్తాద్ పేరు ఎక్కడ రాస్తారు?

సంగీతం మీద ఏ పరిశోధన గ్రంథం చేతికొచ్చినా ముందు దాని చివరి పేజీలు తిప్పాలి. అసలు రాజకీయం అక్కడుంటుంది. చాలా గ్రంథాల్లో భరతుడు, మతంగుడు, శార్ఙ్గదేవుడు వరసగా కొలువుతీరి ఉంటారు. వాళ్ల తర్వాత విదేశీ ఆచార్యులు. మరి ఆ పుస్తకానికి ప్రాణమైన రాగాన్ని తరతరాలుగా గొంతులో దాచి తెచ్చిన ఖాన్‌సాహెబ్ ఎక్కడ? ముందుమాటలో, కృతజ్ఞతల పేరాలో, ప్రూఫులు దిద్దిన మిత్రుడి పక్కన ఉంటాడు. రాసినవాడు ఆధారం. పాడినవాడు ముడిసరుకు.

ఊరికే అంటున్న మాట కాదిది. హిందుస్తానీ సంగీతానికి ఆధునిక పాఠ్యరూపం ఇచ్చిన విష్ణు నారాయణ్ భాత్ఖండే (1860-1936) సంగతే చూద్దాం. ఆయన దేశమంతా తిరిగాడు. జైపూర్‌లో మహమ్మద్ అలీ ఖాన్ కోఠీవాల్ కుటుంబం నుంచి వందల బందిష్‌లు సేకరించాడు. రాంపూర్ వెళ్లి వజీర్ ఖాన్ విద్యను దగ్గరగా విన్నాడు. ఆ శ్రమే లేకపోతే ఎన్నో బందిష్‌లు ఆ ఉస్తాద్‌లతో పాటే మట్టిలో కలిసేవి. అది ఒప్పుకుని తీరాలి. కానీ ఆయన ఆరు భాగాల 'క్రమిక్ పుస్తక మాలిక' తెరిస్తే రాగం ఉంటుంది, తాళం ఉంటుంది, సాహిత్యం, స్వరాలు ఉంటాయి. ఒక్కో బందిష్ ఏ ఖాన్‌సాహెబ్ నోట విని రాసుకున్నదో ఆ బందిష్ కింద ఉండదు.

ఇదే భాత్ఖండే 'శ్రీమల్లక్ష్యసంగీతం' అనే సంస్కృత గ్రంథాన్ని చతుర పండితుడన్న మారుపేరుతో అచ్చువేశాడు. మరాఠీలో రాసిన 'హిందుస్తానీ సంగీత పద్ధతి'లో ఆ శ్లోకాలనే ప్రమాణంగా చూపించాడు. అంటే తన మాటకు తానే సంస్కృతం తొడిగి, తానే సాక్షిగా పిలిచాడు. ఎందుకంత అవసరం వచ్చింది? నడుస్తున్న రాగం ఉన్నది ఉస్తాద్‌ల గొంతులో. చదువుకున్న సమాజం నమ్మేది శ్లోకాన్ని. గొంతులోంచి శ్లోకంలోకి వచ్చేసరికి ఖాన్‌సాహెబ్ మాయమయ్యాడు. దీన్ని ఒక మనిషి దుర్బుద్ధి అనడం తేలిక. ఏది జ్ఞానం, ఏది కాదు అని ఆధిపత్య సమాజం ముందే ఇచ్చేసిన తీర్పు ఇది.

ఇవాళ విశ్వవిద్యాలయాల్లో శ్లోకం చేసే పనిని శైలిగ్రంథం చేస్తోంది. అమెరికన్ సైకాలజికల్ అసోసియేషన్ రూపొందించిన ఏపీఏ శైలినే తీసుకుందాం. చదివేవాళ్లు వెదికి చూసుకోవడానికి వీల్లేని ముఖాముఖి మాటను అది 'వ్యక్తిగత సంభాషణ' అంటుంది. దాన్ని వ్యాసం మధ్యలో బ్రాకెట్లో చెప్పొచ్చు కానీ చివరి జాబితాలో చేర్చకూడదు. టెలిఫోన్ మాటలకు ఈ నియమం సబబే. ఏళ్ల తరబడి ఎదురుగా కూచోబెట్టుకుని తాలీం ఇచ్చిన ఉస్తాద్‌కూ అదే నియమమా? ఎంఎల్ఏ శైలి ముఖాముఖిని జాబితాలోకి రానిస్తుంది. అంటే ఇదేమీ దైవవాక్కు కాదు, మనుషులు చేసుకున్న ఏర్పాటు. మార్చుకోవచ్చు.

జాబితాలోకి వచ్చినా పేరు దగ్గర ఇంకో చిక్కు. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాయాలట. దాంతో కిరానా అబ్దుల్ కరీం, ఆగ్రా ఫయ్యాజ్, జైపూర్-అత్రౌలీ అల్లాదియా అందరూ 'ఖాన్' కింద బారులు తీరతారు. వ్యాసంలో మిగిలేది ఒట్టి 'ఖాన్'. ఎందరికో ఖాన్ అన్నది ఇంటిపేరు కాదు, గౌరవపదం. మనిషిని పోల్చుకునే పేరు వెనక్కి పోయి, మతాన్ని పోల్చుకునే పేరు ముందుకొస్తుంది. మన ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడెమీ నుంచి సంగీత కళానిధి అందుకున్న నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా (1924-1999). ఆయన్ను ఎక్కడ వెదకాలి? 'షేక్' దగ్గరా, 'మౌలానా' దగ్గరా? లోకం ఆయన్ను పిలిచింది చినమౌలానా అని. ఆ పేరు కిందే రాస్తే ఏ శైలికీ వచ్చే నష్టం లేదు.

విచిత్రమేమిటంటే, ఆధారం చెప్పడాన్నే ఒక శాస్త్రంగా పెంచిన సంప్రదాయం మనది. హదీసులో మాట ఒక భాగం, ఆ మాట ఎవరి నుంచి ఎవరికి చేరిందో చెప్పే గొలుసు ఇంకో భాగం. ఆ గొలుసే ఇస్నాద్. గొలుసులో ప్రతి మనిషీ ఎక్కడివాడు, ఎవర్ని కలిశాడు, జ్ఞాపకం గట్టిదా, నిజాయితీపరుడేనా అని ఆరా తీశారు. తొమ్మిదో శతాబ్దంలో ఇమామ్ బుఖారీ చేసిన పని అదే. నోటిమాటకు రుజువు లేదనేవాళ్లు ఈ చరిత్ర చదవాలి. ఉస్తాద్ పేరెత్తగానే గాయకుడు చెవి పట్టుకుంటాడే, అతనికి అదే ఫుట్‌నోటు.

అయితే ఇస్నాద్ మనల్నీ నిలదీస్తుంది. తాన్‌సేన్ దాకా వంశం చెప్పుకునే ప్రతి ఘరానా కథా ఈ పరీక్షకు నిలబడాలి. నవాబు పోషించాడని రాసి, పాడిన మిరాసీ పేరు వదిలేసిన మన అష్రాఫ్ పెద్దల్ని కూడా అడగాలి. తవాయిఫ్‌ల పేర్లు ఘరానా వంశవృక్షాల్లో ఎందుకు లేవో కూడా చెప్పాలి. 1902లో కలకత్తాలో గ్రామఫోన్‌కు పాడిన గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే చెప్పుకునేది. రికార్డులు తయారయ్యేది జర్మనీలో కాబట్టి, అక్కడివాళ్లకు గుర్తు కోసం. కారణం ఏదైతేనేం, ఆ పేరును ఏ గ్రంథకర్తా కొట్టెయ్యలేడు.

మన తెలుగులో పీర్ల పండుగ పాటల గతీ ఇంతే. 'జానపదం' అన్న ఒక్క మాటతో సరి. సేకరించినవారి పేరు అట్ట మీద ఉంటుంది. పాడిన దూదేకుల సాయిబు పేరు, అలావా చుట్టూ అడుగేసి గొంతు కలిపిన మాదిగ అన్న పేరు వెదకాల్సిందే. అందుకే ఇది ముస్లింల ఒక్కరి గోడు కాదు. డప్పు వాయించేవాళ్లదీ, ఒగ్గుకథ చెప్పేవాళ్లదీ ఇదే గోడు.

దారి లేదనడానికి వీల్లేదు. కెనడాలో లొరీసియా మాక్లియాడ్ అనే ఆదివాసీ గ్రంథపాలకురాలు, తమ పెద్దల నోటి జ్ఞానాన్ని 'వ్యక్తిగత సంభాషణ'గా తగ్గించొద్దని, పుస్తకాలతో సమానంగా జాబితాలో చేర్చే నమూనాలు తయారుచేసి 2021లో ప్రచురించింది. పేరు, జాతి, ఉండే చోటు, చెప్పిన విషయం, తేదీ అందులో ఉంటాయి. మనం ఇంకో రెండు కలుపుకుంటే చాలు: ఘరానా, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నది. పేరు వేయడానికి వాళ్ల అనుమతి అడగడం ఎలాగూ ఉండాలి. సిద్ధాంత గ్రంథాలు రాయించే ఆచార్యులు ఒక్క పేజీ నియమం మారిస్తే అయ్యే పని ఇది.

సంగీతానికి మతం లేదంటారు మన లౌకికవాద మిత్రులు. సంతోషం. గ్రంథసూచికి కూడా లేకుండా చూడండి.