పెరటి నల్లా బిగించేటప్పుడు

ఇల్లు కట్టుకునేటప్పుడు స్నానాలగదిలోకి తళతళలాడే నల్లాలు ఏరి ఏరి కొంటాం. పెరట్లోకి వచ్చేసరికి చేతికందిన ప్లాస్టిక్ నల్లా ఒకటి బిగించేస్తాం. నిజానికి ఇంట్లో ఎక్కువ చాకిరీ దానిదే. గిన్నెలు తోమేది అక్కడ, మొక్కలకు నీళ్లు పట్టేది అక్కడ, బండి కడిగేది అక్కడ, చావింటికి వెళ్లొచ్చినవాళ్లు కాళ్లు కడుక్కునేదీ అక్కడే. ఎండా వానా దాని మీదే. సబ్బు చేతులూ మట్టి చేతులూ తిప్పేది దాన్నే. అందుకే ఆ నల్లా మార్చాల్సి వస్తే ఆ పని నేను ఎవరికీ వదలను.

కారుతోంది కదా అని వెంటనే పీకి పారేయక్కర్లేదు. తిప్పి బిగించే పాత రకం నల్లాలో స్పిండిల్ అడుగున చిన్న రబ్బరు వాషర్ ఉంటుంది. చాలాసార్లు అరిగేది అదే. అది మార్చినా చుక్క ఆగలేదంటే వాషర్ ఆనుకునే ఇత్తడి అంచుకు గుంటలు పడ్డాయన్నమాట. పిడి ఎంత తిప్పినా బిగుసుకోకపోతే స్పిండిల్ మర పోయినట్టు. అప్పుడు మార్చాల్సిందే, అదీ ఆలస్యం చేయకుండా. సెకనుకో చుక్క పడితే రోజుకు 86,400 చుక్కలు. చుక్క పావు మిల్లీలీటరు అనుకున్నా 21 లీటర్లు దాటుతుంది. బోరు అడుగంటే ఎండాకాలంలో రోజూ ఒక బిందెకు పైగా నీళ్లు మోరీ పాలు.

దుకాణానికి వెళ్లే ముందు నేను అడిగేది ఆ నల్లా వాడేవాళ్లనే. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె పోయినసారి ఒక్క ముక్కలో తేల్చేసింది: "సబ్బు చేతికి ఇది తిరగదన్నా. మోచేత్తోని నూకినా బందయ్యేటట్టుండాలె." ఆ మాటలోనే కొనాల్సిన సరుకంతా ఉంది. గుండ్రటి పిడి తడి చేతిలో జారుతుంది. పావు చుట్టుతో తెరుచుకునే పొడుగు పిడి మోచేత్తోనైనా కదులుతుంది. అయితే ఇలాంటివాటిలో చాలావరకు లోపల పింగాణీ బిళ్లలుంటాయి. బోరు నీళ్లతో వచ్చే ఇసుక వాటిని గీరేస్తుంది. దానికి మందు ట్యాంకు అడుగున పేరుకున్న ఇసుకను ఎప్పటికప్పుడు కడిగించడమే. ఆ కష్టం మనం పడాలి గానీ, మనకు సులువని రోజూ గిన్నెలు తోమే చేతుల మీద వేయకూడదు. నల్లా పొడుగు కూడా చూసుకోవాలి. పొట్టిదైతే బిందె గోడకు రాసుకుంటుంది, ధార మూతిలో పడదు. లాంగ్ బాడీ అంటే దుకాణంలో ఇస్తారు.

పని మొదలయ్యేది గేట్ వాల్వ్ దగ్గర. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని వాల్వ్ ఉప్పు నీళ్ల చవుడు పట్టి బిగుసుకుపోతుంది. దాన్ని బలవంతంగా తిప్పకుండా ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదిలించాలి. మూసేశాక పాత నల్లా తెరిచి పైపులో మిగిలిన నీళ్లు వదిలేయాలి. పక్కన అర ఇంచు ప్లగ్గు ఒకటి ఉంచుకుంటే మంచిది. పని మధ్యలో ఆగినా పైపు మూతి మూసి ఇంట్లోకి నీళ్లు ఇవ్వొచ్చు.

అసలు నేర్పంతా పాతది విప్పడంలో ఉంది. గోడలో ఎల్బోకు కలిసిన పైపు మన కంటికి కనబడదు. నల్లాతో పాటు అదీ తిరిగితే లోపలి అతుకు విడుతుంది, ఆపైన గోడ పగలగొట్టక తప్పదు. అందుకే రెండు పానాలు కావాలి. బయటికి కనబడే అతుకును ఒకదానితో కదలకుండా పట్టి, రెండోదానితో నల్లాను మెల్లగా ఎడమకు తిప్పాలి. పాత జీఐ పైపులైతే ఇంకా జాగ్రత్త. తుప్పు తిన్న నిపుల్ గోడలోనే విరిగిపోతుంది.

విప్పాక లోపలి మరను పాత టూత్ బ్రష్షుతో రుద్ది పాత టేపు పోగులన్నీ తీసేయాలి. అర ఇంచు నల్లా అంటాం గానీ దాని మర వ్యాసం సుమారు 21 మిల్లీమీటర్లు. అర ఇంచు అన్నది పైపు లోపలి రంధ్రాన్ని బట్టి వచ్చిన లెక్క. అంగుళానికి 14 మరలు, మర కోణం 55 డిగ్రీలు. 1841లో ఇంగ్లండు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన కోణమిది. ఆ కొలత మన దగ్గర అంతటా నిలిచింది కాబట్టే వరంగల్‌లో కొన్న నల్లా ఒంగోలు గోడకూ ఎక్కుతుంది.

ఒకప్పుడు ప్లంబర్లు మరకు జనపనార పీచు చుట్టి తెల్లరంగు ముద్ద పూసేవారు. ఇప్పుడు టెఫ్లాన్ టేపు. 1938లో రాయ్ ప్లంకెట్ ఫ్రిజ్ వాయువుల మీద పనిచేస్తుండగా అనుకోకుండా దొరికిన పదార్థం అది. నల్లా మర మనవైపు ఉండేలా పట్టుకుని, గడియారం ముళ్లు తిరిగే దిక్కుగా, మొదటి మర వదిలేసి, లాగి పట్టి చుట్టాలి. దిక్కు తప్పితే బిగించేకొద్దీ టేపు ఊడి వస్తుంది. మందంగా చుట్టినా చేటే. ప్లాస్టిక్ ఎల్బో అయితే చీలుతుంది.

చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన పానాతో చుట్టో చుట్టున్నరో తిప్పాలి. పానా మీద బరువు పెరుగుతున్నకొద్దీ నల్లా మూతిని కనిపెట్టి ఉండాలి. సరిగ్గా కిందికి చూసిన చోట ఆగాలి. కొంచెం దాటిందని వెనక్కి తిప్పితే టేపు పట్టు విడిచి చెమ్మ కారుతుంది. దాటితే మొత్తం విప్పి, కొత్త టేపు చుట్టి, మళ్లీ మొదలుపెట్టడమే మేలు.

నీళ్లు వదిలి చూసుకున్నాక కూడా ఒక జాగ్రత్త మిగిలే ఉంటుంది. నల్లాకు తగిలించిన రబ్బరు పైపు కొసను బకెట్లోనో కుడితి తొట్టిలోనో ముంచి వదిలేయొద్దు. నల్లా నేరుగా మున్సిపల్ లైనుకే కలిసి ఉంటే, నీళ్లు ఆగినప్పుడు లైన్లో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు నల్లా తెరిచి ఉంటే ఆ మురికి నీళ్లు వెనక్కి పీల్చుకుపోయి, ఇరుగుపొరుగు తాగే నీళ్లలో కలుస్తాయి. పెరటి నల్లా మన ఒక్కరి సొత్తు కాదు.

అందుకే నేను అడిగేది రెండే. కొత్త నల్లా కొనే ముందు దాని దగ్గర కూర్చుని పనిచేసేవాళ్లను అడగండి, ఇంటి యజమాని అభిరుచి తర్వాత. ఇక ఈ ఆదివారమే గేట్ వాల్వ్‌ను ఒకసారి మూసి తెరవండి. నల్లా విరిగి నీళ్లు చిమ్మే రోజున, అది కదులుతుందో లేదో అప్పుడు తెలుసుకుంటే ఏం లాభం?