సీతమ్మ కథ తరవాతి పాఠం

నెల్లూరు తీరం వాడల్లో పేదరికం గురించి మాట్లాడొచ్చే పెద్దమనుషులు ముందు మా ఖర్చులు లెక్కపెడతారు. సారా, పెళ్లి, చావు, జాతర. ఆ తరవాత అప్పు. కూలి యెంతని అడగరు.

1990ల మొదట్లో జిల్లాలో నడిచిన సాక్షరతా వాచకాల్లోని రెండు పాఠాలను పక్కపక్కన పెట్టి చూడాలంటాం. వొకటి 'సీతమ్మ కథ', తాగుబోతు మొగుడి సంసారం. దాన్ని తిరిగి చెప్పేవాళ్లు ఆమె కన్నీళ్ల దగ్గరే ఆగిపోతారు. రెండోది 'ఆడవాళ్లు ఏకమైతే'. దాని మూలం తీరానికి పడమర, మెట్టలో ఉన్న దూబగుంట. అక్కడి ఆడవాళ్లు మొగుళ్లను తిట్టి ఊరుకోలేదు, సారా అంగడి మూయించారు. 1992లో ఆ పని ఊరూరా పాకింది. అంగడి మూస్తే సారా పాట ఆగుద్ది, పాట ఆగితే సర్కారు రాబడి ఆగుద్ది. కూలి డబ్బు ఇల్లు చేరకముందే యెటు పోతోందో వాళ్లు లెక్కగట్టారు. ఖర్చు మీద ఇంతకన్నా గట్టి విమర్శ మేము చదవలేదు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వొచ్చాయి. 1997లో రెండోదాన్ని సడలించేశారు.

అదే ఆడవాళ్ల దగ్గరికి 'పొదుపు లక్ష్మి' వొచ్చింది. రోజుకు రూపాయి. మంచిదే, మా అమ్మా కట్టింది, మా హాస్టలు పెట్టె ఆ డబ్బుతోనే కొన్నాం. కానీ కాంట్రాక్టరునీ సర్కారునీ నిలదీసిన లెక్క తిరిగి ఆమె మీదికే వొచ్చింది: నువ్వెందుకు దాచుకోలేదు? తరవాత మైక్రోఫైనాన్స్ కంపెనీలు గ్రూపుల పూచీ మీద అప్పులిచ్చి ముక్కుపిండి వసూలు చేశాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వమే ఆర్డినెన్సు తేవాల్సి వొచ్చింది.

ఇక తీరం సంగతి. రొయ్యల గుంటలు తవ్వినప్పుడు ఆసామి తెచ్చిన అప్పును పెట్టుబడి అన్నారు. 1990ల నడుమ తెగులు తగిలి గుంటలు పోతే నష్టం అన్నారు. దురలవాటు అని యెవరూ అనలేదు. అదే గుంటకు కాపలా ఉన్న యానాది, బిడ్డ జొరానికి తీసుకున్న ముందు డబ్బు మాత్రం దుబారా అయింది. అది తీరేదాకా గుంట వొదిలి పోలేని మనిషి పరిస్థితికి 1976 చట్టంలో పేరుంది, వెట్టి. తాగుడు ఇంటిని తినదని మేము అనడం లేదు. మా ఇంటినీ తింది. అయితే ఆ చట్టం ప్రకారం వెట్టికి కట్టేసిన అప్పు తీర్చాల్సిన పనే లేదు. ఈ సంగతి తెలిసినవాళ్లు వాడలో యెంతమంది? పొదుపు గురించి మాత్రం అందరికీ చెప్పారు.