సంఘం షాట్

నారాయణఖేడ్‌లో కందులు కొని, పప్పు పట్టించి అమ్మే తమ్ముడొకడు ఈమధ్య ఫోన్ చేశాడు. “అన్నా, మన దుకాణానికి వెబ్‌సైట్ పెట్టాలె, ఎంతయితది?” అన్నాడు. నేను రేటు చెప్పలేదు. జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూర్ ముచ్చట చెప్పాను. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్ళు తమకు ఏ యంత్రం కావాలో తామే తేల్చుకున్న తీరు చూడాలంటే మన జిల్లాలో అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

ఝరాసంగం మండలంలోని ఆ ఊళ్ళో సంఘం రేడియో ఉంది. దాన్ని నడిపేది డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు. 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైన సంస్థ అది. ఈ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు, ఎకరం రెండెకరాల ఎర్రనేల మీద బతికేవాళ్ళు. చాలామంది బడి మొహం చూడలేదు. రేడియో కావాలని వాళ్ళు అడిగినప్పుడు చెప్పిన కారణం నాకు చాలా ఇష్టం. బయటి రేడియోలో వచ్చేది తమ భాష కాదు, చెప్పేది తమ పంటల గురించి కాదు. ఒకే చెలకలో జొన్న, కంది, కొర్ర, సామ కలిపి వేసుకునే రైతుకు వరికి ఎరువెంత వేయాలో చెబితే ఏం లాభం? మా మాట మా యాసలో, మా పొద్దుకు వినపడాలె అన్నారు. యంత్రం సంగతి ఆ తర్వాత వచ్చింది.

ఈ ఆడవాళ్ళు సినిమాలు కూడా తీశారు. సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్. ఆయనే కెమెరా పట్టుకుని తిరిగితే సినిమాలు నున్నగా వచ్చేవి. ఆయన కెమెరాను ఆడవాళ్ళ చేతికిచ్చి పక్కకు జరిగాడు. నేర్పరి అయినవాడికి అలా జరగడం ఎంత కష్టమో పని తెలిసినవాళ్ళకే తెలుస్తుంది.

కెమెరా పాఠంలో ఇంగ్లీషు మాటలు వాళ్ళకు నోరు తిరగలేదు, తలకెక్కలేదు. లో యాంగిల్, హై యాంగిల్, ఐ లెవెల్ అని బట్టీ పట్టే బదులు వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాట్, ఎందుకంటే పటేల్ గద్దె మీద కూర్చుని కింద ఉన్నవాళ్ళను అట్లనే చూస్తాడు. కింది నుంచి పైకి చూసేది బానిస షాట్. కళ్ళకు కళ్ళు ఎదురుగా ఉండేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒక్క తీరుగా చాప మీద కూర్చుంటారు. నేనీ మూడు పేర్లను ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్కలేదు. కెమెరాను ఎక్కడ నిలబెట్టాలన్నది ఒక కొలత. ఎందుకు నిలబెట్టాలన్నది ఆ పేర్లలోనే ఉంది. ఒకసారి విన్నవాళ్ళెవరూ మర్చిపోరు, కెమెరా తప్పు చోట పెట్టరు.

రేడియోది మరో రకం ఓర్పు. యునెస్కో సాయంతో 1990ల చివరికే స్టూడియో లేచింది గానీ గాలిలోకి వదిలే అనుమతి లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఇలాంటి సంస్థలకు కమ్యూనిటీ రేడియో తలుపు తెరుచుకున్నది 2006 నవంబరులో. ఆ ఏళ్ళన్నీ స్టూడియోకు తాళం వేసి కూర్చోలేదు. పాటలు, విత్తనాల ముచ్చట్లు, మందుమాకుల సంగతులు క్యాసెట్లలో నింపి, రాత్రిపూట సంఘం మీటింగుల్లో టేప్ రికార్డర్ మీద వినిపించారు. విన్నవాళ్ళు ఎదురుగానే ఉంటారు కాబట్టి ఏది నచ్చింది, ఏది సాగదీసినట్టుంది అన్నది అక్కడే తేలిపోయేది. టవర్ రాకముందే కార్యక్రమం గట్టిపడింది. తర్వాత యాంటెన్నా నిలబెట్టడం ఒక్కటే మిగిలింది.

2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం మొదలైంది. గ్రామీణ మహిళల అంతర్జాతీయ దినాన్ని ఐక్యరాజ్యసమితి మొట్టమొదట పాటించిన రోజు అది. ప్రారంభించినవారు 1995 తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్. ఇలాంటి రేడియోకు నిబంధనలు మామూలుగా ఇచ్చే బలం 100 వాట్లు, టవర్ ఎత్తు 30 మీటర్ల లోపు. చుట్టుపట్ల ఊళ్ళకు అది చాలు, వాళ్ళకు కావలసిందీ అంతే. వేళగా రాత్రి 7 నుంచి 9 పెట్టుకున్నారు: చేను నుంచి వచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టి, చెవి ఖాళీ అయ్యే సమయం. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు ఆ స్టూడియోను నిలబెట్టారు. రికార్డింగు, ఎడిటింగు, ప్రసారం, ఏ మీట ఎందుకు నొక్కాలన్నదీ సంఘం ఆడవాళ్ళకే తెలుసు. పట్నం నుంచి ఇంజనీరు వచ్చేదాకా ఆగిపోయే పనిగా దాన్ని కట్టుకోలేదు.

ఇదంతా విన్నాక మా తమ్ముడు, “నాకు రేడియో వద్దన్నా, వెబ్‌సైటే కావాలె” అన్నాడు. నిజమే. కానీ ఏం కావాలో తేల్చుకునే తీరు ఒక్కటే. అందుకే అతని పని అతని చేతే చేయించాను. నెల రోజులు దుకాణానికి వచ్చే ప్రతి ఫోనూ నోటుబుక్కులో రాయమన్నాను: ఎవరు, ఏ ఊరు, ఏ భాష, ఏం అడిగారు. నారాయణఖేడ్ సరిహద్దు ఊరు. బీదర్ వైపు నుంచి కన్నడం, దెగ్లూర్ వైపు నుంచి మరాఠీ వస్తాయి, ఉర్దూ బజారంతా ఉంటుంది. నెల తిరిగాక చూస్తే ఎక్కువమంది అడిగినవి రెండే. ఇయ్యాల రేటెంత? ఆర్టీసీ కార్గోలో పంపిస్తరా? ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి కొనే ఏర్పాటు ఒక్కరూ అడగలేదు. దుకాణం గోడ మీది క్యూఆర్ కోడ్, వాట్సాప్ ఆ పని అప్పటికే చేస్తున్నాయి.

కాబట్టి ఒక్క పేజీ చాలన్నాను. మీద ఆనాటి రేటు, దాని కింద ఫోన్ నంబరు, వచ్చే దారి, కార్గో సంగతి, తెలుగు పక్కన మరాఠీ, కన్నడం. రేటు రోజూ మారుతుంది కనుక దాన్ని తన ఫోన్ నుంచే మార్చగలగాలి, లేకపోతే వారంలోనే అది అబద్ధం చెప్పే పేజీ అవుతుంది. డొమైన్‌ను పేజీ చేసిపెట్టినవాడి పేరు మీద కాకుండా తన పేరు మీదే కొనాలి. పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికి కూడా తెలియాలి. ఇంత చిన్న పనికి ఇన్ని మాటలా అని అతను విసుక్కోలేదు. అన్నీ అదే నోటుబుక్కులో చివరి పేజీలో రాసుకున్నాడు.

పేజీకి ఒక ఫొటో పంపమన్నాను. మొదట మిల్లు డాబా ఎక్కి తీసిన ఫొటో వచ్చింది, అందులో బస్తాలు తప్ప మనుషులు లేరు. రెండు రోజుల తర్వాత ఇంకోటి పంపాడు. అతని తల్లి గడప దగ్గర కూర్చుని చాటలో పప్పు చెరుగుతోంది. అతను ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని తీశాడు.