టేకుకు ఎడం కావాలి

టేకు దుంగ కోసిన మొహం మీద నీళ్లు చల్లితే ఆ చెట్టు బతికిన తీరంతా కనబడుతుంది. మొన్న కోత మిల్లులో చూసిన దుంగకి నడిమి వలయాలు వేలెడు వెడల్పున్నాయి. ఐదారేళ్ల తర్వాతవి దారాల్లా సన్నబడిపోయాయి. చుట్టూ తెల్లచెక్క, లోపల చేవ పిడికెడే. నాటాక ఒక్క చెట్టు కూడా తీయలేదని రైతు చెప్పాడు.

మనవైపు టేకు ఎక్కువగా రెండు మీటర్ల ఎడంతో, ఎకరానికి వెయ్యి దాకా నాటుతారు. మొదట్లో అంత దగ్గర మంచిదే. కింది కొమ్మలకు ఎండ అందక లేతగానే రాలిపోతాయి, మాను నిటారుగా సాగుతుంది. అదే పొలం గట్టు మీద టేకైతే తొందరగా లావెక్కుతుంది గానీ నడుమెత్తు నుంచే కొమ్మలు. ప్రతి కొమ్మ మొదలూ చెక్కలో ముడి అవుతుంది. ఎండిన కొమ్మను వదిలేస్తే చుట్టూ పెరిగిన చెక్క దానికి అతుక్కోదు. పలక ఆరాక ముడి ఊడి కన్నం పడుతుంది. గట్టు టేకుకు కొమ్మ వేలి లావున్నప్పుడే కోసేయాలి.

సరుగుడు సంగతి వేరు. నాలుగైదేళ్లలో సన్నటి వాసాలు చాలు కాబట్టి మీటరుకొకటి నాటినా చెల్లుతుంది. టేకునూ అలాగే గుబురుగా వదిలేయడమే నా బాధ. ఎడం వల్ల ఎత్తులో పెద్ద తేడా రాదు, తేడా అంతా లావులోనే. లావు లేనిదే చేవ రాదు. నాలుగైదో ఏట ఒకటి విడిచి ఒకటి, పదో ఏటికి మరోసారి తీయాలి. కేరళలోని నీలంబూరులో 1840లలో కలెక్టరు కనోలీ, చాతు మేనన్ నాటించిన తోటలో ఇవాళ ఎకరానికి పాతిక చెట్లు కూడా లేవు. ఉన్నవి మాత్రం మహావృక్షాలు.

తొందరగా పెరిగిన టేకు గుల్ల అంటారు. నేనొప్పుకోను. లోపం వేగానిది కాదు, వయసుది. చేవ పట్టకముందే నరికి గుమ్మాలు చేయిస్తే పురుగు పట్టేది తెల్లచెక్కకే.

పెంచిన చేత్తో నరకడం కష్టమే. కానీ పదిహేనేళ్లు ఆగి ఒకేసారి సగం తీసేస్తే, సన్నగా సాగిన మాను గాలికి వంగుతుంది, ఎండ తగిలిన చోటల్లా పిలకలేస్తుంది. అవన్నీ మళ్లీ ముడులే. ఐదేళ్ల తోట ఉన్నవాళ్లు అటవీశాఖ అనుమతి సంగతి కనుక్కుని, తీయాల్సిన చెట్లకు ఈ వేసవిలోనే రంగు గుర్తు పెట్టండి.