ఆలస్యముగ వచ్చిన నీలిరంగు

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలసి కండరములోని ఫాస్ఫేటుపై 1927లో 'సైన్స్' పత్రికలో ప్రకటించిన వ్యాసము చాల చిన్నది. కాని కండరశక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమను ఆనాటి నమ్మకమును కదిలించిన పరిశోధనలలో అదియొకటి.

దాని గొప్పతనము పరిశీలనలో ఉన్నది. ఫాస్ఫేటును కొలుచుటకు వారు 1925లో ప్రకటించిన పరీక్షను కండరరసముపై జరుపగా, నీలిరంగు ఆలస్యముగ తేలినది. దానిని పొరపాటని త్రోసివేయక కారణము వెదకిరి. నిరింద్రియ ఫాస్ఫేటని అంతవరకు లెక్కించుచున్నదానిలో చాల భాగము నిజమునకు క్రియాటిన్‌తో కూడియున్న అస్థిర పదార్థము. కండరము పనిచేసినపుడు అది తరుగును. విశ్రాంతిలో మరల చేరును.

అయితే సంకోచమునకు శక్తి చేరు మార్గమును ఈ వ్యాసము తేల్చలేదు. లాక్టిక్ ఆమ్లము పుట్టకయే కండరము సంకోచింపగలదని లుండ్స్‌గార్డ్ 1930లో చూపెను. మయోసిన్, ఆక్టిన్ తంతువులు ఒకదానిపై నొకటి జారునని 1954లో తెలిసినది. ఆ జారుటకు శక్తినిచ్చునది ఏటీపీ; ఖర్చయిన ఏటీపీని వెంటనే భర్తీచేయునది క్రియాటిన్ ఫాస్ఫేటు.

తరగతిలో ఈ పేర్లు మాత్రమే వల్లె వేయించిన చాలదు. అనుకొనని ఫలితము వచ్చినపుడు విద్యార్థి దానిని కొట్టివేయక, ఎందుకని అడుగుట నేర్వవలెను. ఈ వ్యాసము నేర్పు పాఠమదియే.