వార్త లేని రోజుల్లో చదివేవారు

ఈ వారం కోదాడలో హైవే పక్కన ఒక హోటల్లో టీ తాగుతూ టీవీ చూశాను. తెర నిండా పశ్చిమాసియా పటం, దాని మీద ఎర్ర బాణాలు, కింద నలుగురు నిపుణులు. ఒకరు నోరు తెరిస్తే మిగతా ముగ్గురూ అరుస్తున్నారు. పక్క బల్ల దగ్గర కూర్చున్న రైతు నా వైపు తిరిగి, "సార్, గాళ్లు కొట్టుకుంటే ఈసారి మనకు యూరియా వస్తదా, రాదా?" అని అడిగాడు. గంటసేపు సాగిన ఆ చర్చలో ఆ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. నాకు ఒళ్లు మండింది.

విదేశాంగం గురించి మాట్లాడేవారు మన పొలం గట్టు మీది నుంచి మొదలుపెట్టాలని నేను పోరుతూనే ఉంటాను. ఈ కాలమ్ చదివేవారికి అది కొత్త కాదు. 2025 వానాకాలంలో సొసైటీల ముందు చెప్పులు, పాస్‌బుక్కులు వరుసలో పెట్టి రైతులు యూరియా కోసం పడిగాపులు కాశారు. రామగుండంలో ఉత్పత్తి ఆగిపోవడం ఒక కారణం. చైనా తన ఎరువులను మనకు పంపకుండా బిగబట్టడం మరొకటి. ఆ ఆగస్టులో చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ ఢిల్లీ వచ్చినప్పుడు జరిగిన మాటల్లో ఎరువుల ప్రస్తావన కూడా ఉంది. సొసైటీ ముందు నిలబడ్డ మనిషికి ఆ సంగతి ఎవరు చెప్పారు?

మిర్యాలగూడ సంగతీ అంతే. 2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపేసింది. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో సుమారు 40 శాతం మన దేశానివే. అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి బస్తాల కోసం దుకాణాల ముందు బారులు తీరారు. పశ్చిమ ఆఫ్రికాలో బెనిన్ లాంటి దేశాలు మన బియ్యం మీదే ఆధారపడి ఉన్నాయి. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం పడింది. తెల్ల బియ్యం మీద నిషేధం 2024 సెప్టెంబర్ చివరి దాకా నడిచింది. సాగర్ ఎడమ కాల్వ కింది వడ్లు మిల్లుకెక్కే ఊరికి ఇంతకంటే దగ్గరి విదేశాంగం ఏముంటుంది?

ఈ పట్టు నేను వదలను. అయినా కోదాడ నుంచి తిరిగొస్తూ సూర్యాపేటలో కల్నల్ సంతోష్ బాబు విగ్రహం దాటుతున్నప్పుడు ఆలోచన వేరే దారి పట్టింది.

2020 జూన్ 16. లడఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో చనిపోయింది ముగ్గురని మధ్యాహ్నం చెప్పారు, రాత్రికి ఇరవై మంది అన్నారు. 16 బిహార్ కమాండింగ్ ఆఫీసర్, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన మన సూర్యాపేట బిడ్డ సంతోష్ బాబు వారిలో ఉన్నాడు. కరోనా ఆంక్షల మధ్యే జనం రోడ్డుకు ఇరువైపులా నిలబడి పూలు చల్లారు. 18న కుటుంబం పొలంలో అంత్యక్రియలు జరిగాయి. ఆ రోజుల్లో ఇక్కడ నోరు తెరిచిన ప్రతి మనిషీ అడిగింది ఒకటే: చేతిలో తుపాకులు ఉండి కూడా ఎందుకు కాల్చలేదు?

టీవీల్లో చాలామంది చైనా ఫోన్లు పగలగొట్టమన్నారు, పగ తీర్చుకోవాలన్నారు. ఈ ఊరి ప్రశ్నకు జవాబు ఇచ్చినవారు మాత్రం కొద్దిమందే. 1996 నవంబర్ 29 నాటి ఒప్పందంలో ఆరో అధికరణ ఉంది, వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదని రెండు దేశాలూ మాట ఇచ్చుకున్నాయి అని వాళ్లు వివరించారు. సైనికుల దగ్గర ఆయుధాలున్నాయని, ఎదురుబొదురు నిలబడ్డప్పుడు వాటిని వాడకపోవడం ఎప్పటి నుంచో వస్తున్న పద్ధతని విదేశాంగ మంత్రి జైశంకర్ కూడా 18న చెప్పారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా ఆ కట్టుబాటు వర్తిస్తుందా అని సైనికాధికారులే వాదించుకున్నారు. ఆ వాదన వినదగ్గది.

ఆ కాగితాల మొదలు వెతికితే మన పీవీ దగ్గరికే వెళ్తాం. 1993 సెప్టెంబర్ 7న, ఆయన ప్రధానిగా బీజింగ్‌లో ఉన్నప్పుడు, సరిహద్దులో శాంతి కోసం మొదటి ఒప్పందం జరిగింది. దాని కోసం పనిచేసిన శివశంకర్ మీనన్ తర్వాత 'చాయిసెస్' పుస్తకంలో ఆ కథంతా రాశారు. రేఖను గౌరవిస్తామని ఇద్దరూ సంతకం పెట్టారు గానీ, ఆ రేఖ ఎక్కడుందో చూపే పటాలు మధ్య భాగానికి మాత్రమే చేతులు మారాయి. లడఖ్ వైపు అది కూడా జరగలేదు. గల్వాన్ ఆ ఖాళీలోనే ఉంది.

1993 నుంచి 2020 దాకా ఈ అధికరణలతో మన యూరియాకు గానీ, బియ్యానికి గానీ సంబంధం లేదు. దీని వల్ల మిర్యాలగూడకు ఏం ఒరుగుతుందని నేను ఏటా అడిగి ఉంటే, వాటిని చదవమని ఏ నిపుణుడికీ చెప్పేవాణ్ని కాదు. ఏ లాభం కనబడకపోయినా, ఏ టీవీ పిలవకపోయినా కొందరు వాటిని చదువుతూనే ఉన్నారు. సూర్యాపేటకు వాళ్ల అవసరం పడిన రోజున వాళ్లు సిద్ధంగా ఉన్నారు. గట్టు మీది నుంచి మొదలుపెట్టినా, మన గట్టుకు తగలని వాటినీ ఓపికగా చదివేవాణ్ని మన పత్రికలే జీతమిచ్చి పోషించాలి. చైనా ఒక్కదాన్నే పదేళ్లు చదివే విలేకరి తెలుగులో ఎందుకు ఉండకూడదు?

1993 ఒప్పందంలో ఉన్నవి తొమ్మిది అధికరణలే. సూర్యాపేట డిగ్రీ కాలేజీ పిల్లలు ఒక్క పూటలో చదవగలరు, తెలుగులో దొరికితే. 2024 అక్టోబర్ 21న ఢిల్లీ ప్రకటించిన చైనా సరిహద్దు కొత్త గస్తీ ఏర్పాటు పూర్తి పాఠం ఇంకా జనం ముందుకు రాలేదు. అందులో కాల్పుల గురించి ఏం రాశారు, గల్వాన్ గురించి ఏం రాశారు అని ముందుగా అడగాల్సింది ఈ ఊరే.