వీరుడి పక్కన ఎవరు? సమురాయ్ ఆటలో హాస్యం, బుర్రకథలో వంత

వీరగాథలో హాస్యం గురించి మన విమర్శ చాలావరకు రసచర్చగానే సాగింది. హాస్యం వీరానికి పోషకమా, భంగకరమా అని తూచి చూడడంతో చర్చ ముగుస్తుంది. కథనపద్ధతి దృష్ట్యా అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: నవ్వించే పనిని కథ ఎవరికి అప్పగించింది? వీరుడికే అప్పగించిందా, వీరుడి పక్కనున్నవాడికా, కథ చెప్పేవాడి పక్కనున్నవాడికా? ఈ మూడు ఏర్పాట్లలోనూ శ్రోత నవ్వుతాడు. అయితే ఆ నవ్వు వల్ల శ్రోతకు దక్కే అధికారం మూడింటిలోనూ ఒకటి కాదు.

ఈ ప్రశ్నను పరీక్షించడానికి దూరదూరపు రెండు కథనరూపాలను ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను. ఒకటి, జపాన్‌కు చెందిన స్క్వేర్ సంస్థ 1998లో ప్లేస్టేషన్ కోసం విడుదల చేసిన 'బ్రేవ్ ఫెన్సర్ ముసాషి' అనే వీడియో గేమ్. సమురాయ్ వీరుణ్ణి సరదా కథానాయకుడిగా మలచిన యాక్షన్ రోల్ ప్లేయింగ్ ఆట ఇది. రెండవది, తుళ్లూరుకు పొరుగున ఉన్న తాడికొండ మండలంలోని పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ (1920-1997) ప్రసిద్ధికి తెచ్చిన బుర్రకథ. మిరప, పత్తి పండే ఈ నల్లరేగడి పల్లెల్లో పల్నాటి యుద్ధం పుస్తకంగా కన్నా ముందు పాటగా, ఆటగా చేరింది. ఈ రెంటినీ పోల్చడం వింతగా తోచవచ్చు. కానీ రెండూ కత్తి పట్టిన వీరుడి కథను నవ్వులతో నడిపే ప్రదర్శనరూపాలే. రెంటిలోనూ ఎదుటివాడి భాగస్వామ్యం లేకుండా కథ ముందుకు సాగదు.

ఆటలోని కథ

కథావస్తువు మన జానపద కథల పాఠకులకు కొత్తది కాదు. ఒక చిన్న రాజ్యం మీద సామ్రాజ్యం దాడి చేస్తుంది. రాజు, రాణి ఊళ్లో లేరు. రాకుమారి మంత్రబలంతో మరో లోకం నుంచి వీరుణ్ణి పిలుస్తుంది. పూర్వం ఆ రాజ్యాన్ని కాపాడిన ముసాషికి పునరవతారంగా వచ్చినవాడు చూడబోతే పిల్లవాడు. అతడికి ఈ రాజ్యం గొడవ అక్కరలేదు. తన ఇంటికి తాను వెళ్లిపోవాలి. పని పూర్తయితే గాని తిరుగుదారి లేదని తెలిసి, సణుగుతూనే ఒప్పుకుంటాడు. మహిమగల ఖడ్గాన్ని, ఐదు పత్రాలను సంపాదించాలి. స్ఫటికాలలో బందీలైన కోటవాసులను విడిపించాలి. అపహరణకు గురైన రాకుమారిని తేవాలి.

ఈ చట్రం వెనుక చారిత్రక వ్యక్తి నీడ ఉంది. మియామోటో ముసాషి రెండు కత్తుల పోరాటపద్ధతికి పేరుపొందిన 17వ శతాబ్దపు ఖడ్గవీరుడు. 1645లో మరణించేముందు రచించిన 'గోరిన్ నో షో' గ్రంథంలో భూమి, నీరు, అగ్ని, గాలి, శూన్యం అని ఐదు భాగాలున్నాయి. ఆటలోని ఐదు పత్రాలు వీటి ఛాయలే. అయితే ఆటలో ఐదవది ఆకాశం. శూన్యానికీ ఆకాశానికీ జపాన్ లిపిలో అక్షరం ఒకటే. అర్థం మాత్రం తత్త్వచింతన నుంచి ఎగిరే సాహసానికి మారింది. ముసాషి ప్రత్యర్థి కోజిరో కూడా ఆటలో ప్రత్యర్థిగానే కనిపిస్తాడు. 1612లో ఒక ద్వీపంలో జరిగిన వారి ద్వంద్వయుద్ధంలో కోజిరో మరణించాడని జపాన్ సంప్రదాయం చెబుతుంది. ఆ గంభీర వృత్తాంతం ఇక్కడ పిల్లల పంతంలాగా వినిపిస్తుంది.

హాస్యం నామకరణంలోనే మొదలవుతుంది. ఆంగ్ల రూపంలో రాజ్యం పేరు 'అల్లుకనీట్'. తినగలిగినంత తినవచ్చని చెప్పే హోటల్ మాటను కలిపి పలికితే వచ్చే పేరది. రాకుమారి పేరు ఫిలే, అంటే ఎముక తీసిన మాంసపు ముక్క. శత్రు సామ్రాజ్యం పేరు దాహం తీర్చే పానీయాన్ని సూచిస్తుంది. తిండికీ దాహానికీ మధ్య యుద్ధమన్నమాట. రాజ్యాల గాంభీర్యాన్ని వంటింటి మాటలతో దించివేసే ఈ పద్ధతి మన పగటివేషగాళ్లకు, తోలుబొమ్మలాటలోని కేతిగాడికి బాగా తెలిసినదే.

ఆటలో వీరుడి శరీరం కూడా హాస్యానికి ఆధారమవుతుంది. ముసాషికి అలసట వస్తుంది, నిద్ర వస్తుంది. లోకాన్ని కాపాడవలసినవాడు పడుకోవడానికి చోటు వెతుక్కోవాలి. ఊళ్లో పగలు, రాత్రి మారుతుంటాయి. వేళ మించితే దుకాణాలు మూసి ఉంటాయి. వీరుడి కోసం ఆగని ఊరు వీరగాథలో అరుదు. ఈ ఆటలోని హాస్యంలో ఉత్తమమైన అంశం ఇదేనని నా అభిప్రాయం.

ఇక్కడ గమనించవలసింది నవ్వించే బాధ్యత ప్రధానంగా ఎవరి మీద ఉందన్నది. ముసాషికి పక్కన విదూషకుడి అవసరం లేదు. పెద్దలను లెక్కచేయనివాడు, పనిని ఎగతాళి చేసేవాడు, రాకుమారితో వాదులాడేవాడు అతడే. మహావీరుడు వస్తాడనుకుంటే పిల్లవాడు వచ్చాడని ఇతరులు అతణ్ణి తక్కువ చేస్తారు. ఆ వేళాకోళం అతడి వయసునూ మర్యాదనూ తాకుతుంది. అతడి కత్తిని తాకదు. ఎవరిని ఎందుకు నరుకుతున్నావని అతణ్ణి నిలదీసే స్థానం కథలో ఏర్పడలేదు.

వంత చేసే పని

బుర్రకథలో ఏర్పాటు దీనికి భిన్నం. నడుమ తంబురా మీటుతూ, వేలికి అందె తొడిగి, అడుగు వేస్తూ కథకుడు. ఇరుపక్కల డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథకుడు పల్నాటిలో ఉంటాడు. రాజకీయం చెప్పే వంత కథను ఈనాటికి తెస్తాడు. హాస్యం చెప్పే వంత కథకుణ్ణి ఆపుతాడు. అర్థం కాలేదంటాడు, పొరపాటుగా అర్థం చేసుకుంటాడు, ఇంత పౌరుషం దేనికని అడుగుతాడు. కథకుడు జవాబు చెప్పి గాని ముందుకు పోలేడు.

ఈ విభజనలోని సూక్ష్మం ఇది: బుర్రకథలో నవ్వు వీరుడి లోకానికి చెందినది కాదు, వినేవారి లోకానికి చెందినది. బాలచంద్రుడు ఆ వంత మాట వినడు, మనం వింటాం. వంత శ్రోతల ప్రతినిధిగా వేదిక ఎక్కినవాడు. అందుకే వీరుడి గాంభీర్యం చెడకుండానే వీరుడి నిర్ణయం ప్రశ్నకు లోబడుతుంది. 1940లలో ప్రజా నాట్యమండలి ఈ రూపాన్ని చేపట్టినప్పుడు పాత తందాన కథను సమకాలిక విమర్శకు వాహికగా మార్చగలిగిందంటే, ప్రశ్నకు ముందే ఒక ఆసనం వేసి ఉండడం అందుకు ముఖ్యమైన కారణం.

జపాన్ సంప్రదాయంలోనూ ఈ విడదీత లేకపోలేదు. గంభీరమైన నో నాటకాల నడుమ క్యోగెన్ ప్రహసనాలు ఆడతారు; నవ్వు, వీరం ఒకే వేదిక మీద వేర్వేరు నటుల చేతిలో ఉంటాయి. కాబట్టి ఆటలో జరిగిన మార్పును జాతుల స్వభావభేదంగా చూడరాదు. అది రూపం తెచ్చిన మార్పు. ఆడేవాడు వీరుడి చేతులతోనే కథలోకి ప్రవేశిస్తాడు గనుక, ఆటలోని ఆకర్షణలన్నీ ఆ వీరుడిలోనే పోగుపడతాయి; హాస్యమూ వాటితోపాటు అక్కడికే చేరింది.

బొంగరం నుంచి కత్తికి

పిల్లవాడైన వీరుడు మనకూ ఉన్నాడు. శ్రీనాథుడి పేర నిలిచిన పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో, పింగళి లక్ష్మీకాంతం 1961లో పరిష్కరించి ప్రకటించారు. అందులో బాలచంద్రుడి కథ బొంగరాలాటతో మలుపు తిరుగుతుంది. అతడు విసిరిన బొంగరం ఒక స్త్రీ కాలికి తగిలి గాయమవుతుంది. నీవారంతా యుద్ధభూమిలో ఉంటే నువ్విక్కడ బొంగరాలాడుతున్నావా అన్న ఎత్తిపొడుపు ఆమె నోట వస్తుంది. ఆ మాటతో ఆట ముగిసి కారంపూడి దారి మొదలవుతుంది.

ముసాషి, బాలచంద్రుడు ఇద్దరూ బాల్యం నుంచి నేరుగా కత్తి పట్టినవారే. ఇద్దరినీ కదిలించింది స్త్రీ పలుకే. తేడా తరువాతి నడకలో ఉంది. బాలచంద్రుడి బొంగరం మళ్లీ తిరగదు. తల్లి ఐతాంబ ఆపాలని చూస్తుంది, భార్య మాంచాల సాగనంపుతుంది, అతడు తిరిగి రాడు. మొదటి ఆట ఎంత తేలికగా ఉంటే ముగింపు అంత బరువుగా తోస్తుంది. ముసాషి విషయంలో ఆట ముగియదు. అతడు పడిపోతే, ఆడేవాడు అంతకుముందు సేవ్ చేసిన చోటునుంచి మళ్లీ మొదలుపెడతాడు. చావును వెనక్కి తీసుకోగలిగిన కథనంలో వీరుడు నవ్వుతూ ఉండడం సహజం. అతడి నవ్వు ఆ రూపం ఆడేవాడికి ఇచ్చే అభయం.

మజిలీలు, తోడు

ఈ రెండు కొసల మధ్య తెలుగు కథనం ఒక వంతెన కట్టింది. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడనే యతి వెంట కాశీకి నడిచే గోపబాలుడు ఒక షరతు పెడతాడు: దారిలో తనకు కనిపించిన వింత గురించి అడిగినప్పుడల్లా కథ చెప్పాలి. మజిలీ మజిలీకి కథ సాగేది ఆ పిల్లవాడి ప్రశ్నవల్ల. అంచెలంచెలుగా నడిచే వీడియో గేమ్‌కు ఈ మజిలీల నిర్మాణం దగ్గరి చుట్టం. అయితే ఆటలో అంచె దాటించేది శత్రువు మీద గెలుపు. మజిలీలో అంచె దాటించేది శ్రోత కుతూహలం.

ఆ కథల నుంచి ప్రేరణ పొందిన 'పాతాళభైరవి' (1951)లో కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావులు ప్రశ్నించే స్థానాన్ని వీరుడి పక్కకు తెచ్చారు. తోటమాలి కొడుకు తోటరాముడు సాహసానికి దూకుతుంటే, బాలకృష్ణ ధరించిన అంజి తోడుగా ఉంటాడు. బుర్రకథలో కథకుడి పక్కన ఉన్న వంత సినిమాలో కథలోపలికి వచ్చి నాయకుడి స్నేహితుడయ్యాడు. ఇక్కడ కొంత లాభం, కొంత నష్టం ఉన్నాయి. భయపడేవాడి చూపు కథలో నిలిచింది. కానీ స్నేహితుడు నాయకుణ్ణి ప్రేమించక తప్పదు గనుక అతడి ప్రశ్న పదును తగ్గింది. ఈ వరుసలో తరువాతి మెట్టు ముసాషి: తోడు కూడా వీరుడిలో కలిసిపోయాడు.

ఒక ఆక్షేపణ

ఈ వాదానికి న్యాయమైన ఆక్షేపణ ఉంది. వాస్తవ ప్రదర్శనల్లో హాస్యపు వంత ప్రతిసారీ వీరుణ్ణి ప్రశ్నించడు. చాలాసార్లు శ్రోతలను ఆడిపోసుకుంటాడు, కథకుణ్ణి గేలిచేస్తాడు, కొన్నిసార్లు మోటు చలోక్తులతో కాలం గడుపుతాడు. మరోవైపు, ఆటలో ప్రశ్నించేవాడు లేకపోయినా ఆడేవాడే ప్రశ్నించవచ్చు కదా అనవచ్చు.

మొదటిదానికి నా సమాధానం: వంత ఏమన్నాడన్నది ప్రదర్శనను బట్టి మారుతుంది; వంతకు ఆపే హక్కు ఉందన్నది రూపలక్షణం. ఆ హక్కును చిల్లరగా వాడినవారున్నారు, నాజర్ బృందంలా సమర్థంగా వాడినవారూ ఉన్నారు. హక్కే లేనిచోట సమర్థత ప్రసక్తి రాదు. రెండవదానికి: ఆడేవాడు మనసులో ప్రశ్నించగలడు, కాదనలేం. అయితే ఆ ప్రశ్నను కథ వినదు. అతడికి ఆట చేతినిచ్చింది, నోటినివ్వలేదు. అతడి ముందున్న మార్గాలు రెండే: నరకడం, లేదా ఆట మానేయడం. వంత మాత్రం కథ మానకుండానే కథను ఆపగలడు.

దీనివల్ల 'బ్రేవ్ ఫెన్సర్ ముసాషి' తక్కువ రచన కాదు. ఖడ్గవీరుడి పురాణాన్ని అలసటకు, ఆకలికి, దుకాణాల వేళలకు లోబరచిన ఆ చమత్కారం వీరారాధనకు మంచి విరుగుడే. అయితే ఆ విరుగుడు వీరుడి డంబం మీద పనిచేసినంతగా అతడి హింస మీద పనిచేయదు.

ముగింపు

పల్నాటి వీరులకు కారంపూడిలో ఏటా కార్తికమాసంలో ఉత్సవాలు జరుగుతాయి. బ్రహ్మనాయుడి చాపకూడు, కన్నమదాసు పరాక్రమం, నాగమ్మ రాజనీతి ఇప్పటికీ పల్నాటివారు వాదించుకునే విషయాలు. పగలకూ పౌరుషానికీ ఆ కథను సాక్ష్యంగా తెచ్చుకునే అలవాటు కూడా అక్కడ ఉంది. రాజధాని ప్రాంతమైన తుళ్లూరు పరిసరాల్లో పెరుగుతున్న పిల్లలు కథను ఇప్పుడు వేదిక ముందు కూర్చుని వినడం కన్నా తెర ముందు కూర్చుని ఆడడం ఎక్కువ. వారిలో ఎవరో ఒకరు రేపు పల్నాటి కథను ఆటగా మలచవచ్చు. బాలచంద్రుడికి కత్తి, పరుగు, చిలిపితనం ఇవ్వడం కష్టం కాదు. ముసాషి నమూనా సిద్ధంగా ఉంది. అలా నవ్వే వీరుడొక్కడే మిగిలితే, 12వ శతాబ్దపు అన్నదమ్ముల పోరు ఎన్నిసార్లయినా మళ్లీ మొదలుపెట్టి గెలవదగిన పందెంగా మారిపోతుంది. బొంగరం తగిలిన కాలి నొప్పి ఆ ఆటలో ఎవరికీ గుర్తుండదు.

తెలుగు శాఖలు వీడియో గేమ్‌ను కథనరూపంగా పరిశీలించవలసిన అవసరం ఇక్కడే ఉంది. కథావస్తువును మాత్రమే అప్పగించి ఊరుకోకుండా, కథ చెప్పే ఏర్పాటును కూడా ఆ రూపకర్తలకు అందించవలసిన బాధ్యత మనది. కత్తి ఎత్తిన క్షణంలో ఆటను నిలిపి, ఎందుకని అడిగి, జవాబు రాబట్టే ఒక గొంతు ఆ తెర మీద ఉండగలిగితే, పొన్నెకల్లు వంత కొత్త వేదిక ఎక్కినట్లే.